వాహనానికి అమర్చే జల్లు స్నానం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిచికారీ కూలీలకు పొలం గట్టునే శరీరశుద్ధి

ఖరీఫ్ వరిలో సుడిదోమ ఉద్ధృతి కనిపించిన వారం పది రోజులలో వంశధార, నాగావళి ఆయకట్టు గ్రామాలలో పిచికారీ పనులు ఒక్కసారిగా ముమ్మరమవుతాయి. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు మోకాలి లోతు బురదలో స్ప్రేయరు మోసిన కూలీ పని ముగియగానే చేసే పని రెండు విధాలుగా ఉంటుంది. దగ్గరలో కాలువో గెడ్డో ఉంటే అందులోకి దిగి ఒళ్ళు కడుక్కుంటాడు. స్ప్రేయరును కూడా అక్కడే కడుగుతాడు. నీరు దగ్గరలో లేకపోతే చేతులు కాళ్ళు మాత్రం తడుపుకొని, అవే బట్టలతో ఇంటికి చేరి, సాయంత్రం స్నానం చేస్తాడు. మొదటి పద్ధతిలో మందు అవశేషం పశువులు తాగే నీటిలో కలుస్తుంది. రెండవ పద్ధతిలో అది నాలుగైదు గంటలపాటు చర్మంపైనే నిలిచి, కొంత శరీరంలోకి, కొంత ఇంటిలోకి చేరుతుంది. ఈ రెండింటికీ మధ్య మూడవ మార్గం ఒకటి ఉంది. నీరు ఉన్న చోటికి కూలీ వెళ్ళనవసరం లేకుండా, పొలానికి ఎలాగూ వచ్చే ట్రాక్టరు ట్రక్కుకో మూడు చక్రాల ట్రాలీ ఆటోకో స్నానపు ఏర్పాటును అమర్చడమే ఆ మార్గం.

వాహనానికి తగిలించే జల్లు స్నానపు పరికరాలు విదేశాలలో విహారయాత్రికుల కోసం తయారయ్యాయి. కారు పైకప్పుపై నల్లని గొట్టం అమర్చి, ఎండకు వేడెక్కిన నీటిని చిన్న గాలిపంపు ఒత్తిడితో వాడుకొనేవి కొన్ని. వాహనపు 12 వోల్టుల బ్యాటరీతో పనిచేసే పంపు ద్వారా డబ్బాలోని నీటిని తోడేవి మరికొన్ని. ఇదే ఆలోచన విహారాన్ని దాటి అవసరాల వైపు కూడా మళ్ళింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో లావా మే అనే సంస్థ 2014లో పాత నగర బస్సును స్నానపు గదులుగా మార్చి నిరాశ్రయులకు అందుబాటులోకి తెచ్చింది. వ్యవసాయంలో దీని ప్రయోజనం వేరు. ఇక్కడ స్నానం హాయి కోసమూ కాదు, కేవలం పరిశుభ్రత కోసమూ కాదు. అది సస్యరక్షణ పనిలో చివరి అంచె. మందు కలపడం, చల్లడం, ఖాళీ డబ్బాల తొలగింపు గురించి శిక్షణలలో విపులంగా చెప్పే విస్తరణ వ్యవస్థ ఈ చివరి అంచెను మాత్రం ‘పని ముగిశాక సబ్బుతో స్నానం చేయాలి’ అనే ఒక్క వాక్యంతో ముగిస్తుంది. నీరు ఎక్కడిది, చాటు ఎక్కడిది, మార్చుకొనే బట్టలు ఎక్కడివి అనే ప్రశ్నలకు ఆ వాక్యంలో జవాబు లేదు.

చర్మం అన్ని చోట్లా ఒకటి కాదు

పిచికారీ చేసేవారి శరీరంలోకి మందు ప్రధానంగా చర్మం ద్వారానే ప్రవేశిస్తుంది. నోటికి, ముక్కుకు గుడ్డ కట్టుకొంటే చాలునన్న భావన గ్రామాలలో బలంగా ఉంది. అది కొంతవరకే నిజం. మైబాక్, ఆయన సహచరులు 1971లో ప్రచురించిన పరిశోధనలో పారాథియాన్ అనే ఆర్గానోఫాస్ఫేటు మందును శరీరంలోని వేర్వేరు భాగాల చర్మం ఎంతగా పీల్చుకొంటుందో కొలిచారు. ముంజేతి చర్మం పీల్చుకొనే మోతాదును 1గా తీసుకొంటే అరచేయి 1.3, పాదం 1.6, పొట్ట 2.1, తల 3.7, నుదురు 4.2, చెవి రంధ్రం 5.4 రెట్లు పీల్చుకొన్నాయి. వృషణాల చర్మం విషయంలో ఆ సంఖ్య 11.8.

ఈ అంకెలను ఉత్తర కోస్తా పంటల పక్కన ఉంచి చూస్తే వాటి అర్థం స్పష్టమవుతుంది. వరిలో చల్లేటప్పుడు కూలీ లుంగీని పైకి మడిచి కట్టుకొంటాడు. మూత బిగువుగా లేని స్ప్రేయరు నుంచి కారిన ద్రావణం వీపు మీదుగా నడుము కిందికి జారుతుంది. తడిసిన బట్ట గంటల తరబడి గజ్జల వద్ద ఒరుసుకొంటూనే ఉంటుంది. అంటే చర్మం అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకొనే చోటనే మందు అన్నిటికంటే ఎక్కువ సేపు నిలుస్తుంది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల జీడి తోటలలో పరిస్థితి దీనికి తలకిందులు. తేయాకు దోమ నివారణకు కొత్త చిగుళ్ళు, పూత, పిందె దశలలో మందు చల్లుతారు. గొట్టాన్ని కొమ్మల వైపు పైకెత్తి చల్లడం వలన తుంపరలు తిరిగి తల, నుదురు, చెవులు, మెడలపై పడతాయి. విజయనగరం ప్రాంతపు రబీ మొక్కజొన్నలో కత్తెర పురుగు కోసం మొవ్వులో మందు వేస్తూ ముందుకు నడిచేవారికి అప్పుడే తడిసిన ఆకులు తొడలకు, పొట్టకు రాసుకొంటాయి. ఏ పంట తీసుకొన్నా, చేతులు కాళ్ళు మాత్రమే కడుక్కొంటే సరిపోదని తేలుతుంది. అరచేయి, పాదం పీల్చుకొనేది తక్కువ, కడుక్కొనేది వాటినే.

2017 ఖరీఫ్‌లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిపై మందులు చల్లుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. ఆ ఏడాది పత్తి మొక్కలు మనిషి ఎత్తును మించి పెరగడంతో తుంపరలు ముఖంపైన, పై శరీరంపైన పడినట్లు అప్పట్లో గుర్తించారు. పత్తి, మొక్కజొన్న సాగయ్యే పార్వతీపురం పరిసరాలకు, అనగా 2022 ఏప్రిల్ నుంచి మన్యం జిల్లాగా ఏర్పడిన పూర్వపు విజయనగరం, శ్రీకాకుళం భాగాలకు, ఆ అనుభవం దూరపుది కాదు.

రక్షణ దుస్తులు ధరిస్తే ఈ సమస్య చాలా వరకు తీరుతుందనడంలో సందేహం లేదు. 1971 నాటి కీటకనాశినుల నియమావళి రక్షణ దుస్తుల గురించి, శ్వాస రక్షణ పరికరాల గురించి, ప్రథమ చికిత్స సామగ్రి గురించి నియమాలు విధించింది. కాని సెప్టెంబరు ఉక్కలో, గాలి కదలని వరి మడిలో, నీరు చొరని కోటు తొడుక్కొని రెండు గంటలు పని చేయడం ఎంత కష్టమో ఆ పని చూసినవారికి తెలుసు. శరీరపు వేడి బయటికి పోక కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల దుస్తులు అసంపూర్ణంగానే వాడుకలో ఉంటాయి. ఆ లోటు ఉన్నంత కాలం వెంటనే చేసే స్నానం విలువ పెరుగుతుంది. స్నానం దుస్తులకు బదులు కాదు. దుస్తులు విఫలమైన చోట మిగిలేది అదే.

ఎంత నీరు కావాలి

ఈ ప్రశ్నకు ఒక కొలమానం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో సవరించిన వ్యవసాయ కార్మికుల రక్షణ ప్రమాణాలలో లభిస్తుంది. మందు చల్లిన పొలంలో పనిచేసే ప్రతి కూలీకి 1 గాలను, మందు కలిపి చల్లే ప్రతి వ్యక్తికి 3 గాలన్లు, అంటే సుమారు 11.4 లీటర్ల నీరు, సబ్బు, ఒకసారి వాడి పారవేసే తువ్వాళ్ళు పని మొదలయ్యే వేళకే సిద్ధంగా ఉండాలి. చల్లేవారి కోసం మార్చుకొనే శుభ్రమైన దుస్తులు కూడా ఉండాలి. ఇవి పని స్థలానికి పావు మైలు, అంటే దాదాపు 400 మీటర్లు మించని దూరంలో ఉండాలి. కంటిలో పడితే హాని చేసే మందులు కలిపే చోట నిమిషానికి 0.4 గాలను (1.5 లీటర్లు) చొప్పున 15 నిమిషాలు కళ్ళు కడిగే వీలు ఉండాలని కూడా ఆ ప్రమాణాలు నిర్దేశిస్తాయి. అంటే కళ్ళ కోసమే 22.5 లీటర్లు.

ఒక మనిషికి సబ్బుతో తలస్నానానికి పొదుపుగా 15 లీటర్లు అనుకొంటే, 200 లీటర్ల డ్రమ్ములో 25 లీటర్లు కళ్ళకు అట్టిపెట్టి, మిగిలిన 175 లీటర్లతో 11 మంది స్నానం చేయవచ్చు. సాధారణ పిచికారీ బృందంలో నలుగురైదుగురికి మించి ఉండరు గనుక ఒక డ్రమ్ము రెండు బృందాలకు చాలుతుంది. అయితే ‘అట్టిపెట్టడం’ అనేది మనుషుల మాటకు వదలకూడదు. దానిని డ్రమ్ము నిర్మాణమే చూసుకోవాలి. 57 సెంటీమీటర్ల వ్యాసం గల నిలువు డ్రమ్ములో అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు వరకు సుమారు 25 లీటర్లు పడతాయి. స్నానపు కుళాయిని సరిగ్గా ఆ ఎత్తున బిగిస్తే, ఎంత వాడినా ఆ కింది నీరు మిగులుతుంది. డ్రమ్ము అడుగున వేరే చిన్న కుళాయి పెట్టి, దానికి మెత్తని ధార వచ్చే గొట్టం తగిలించి, కళ్ళు కడగడానికి మాత్రమే కేటాయించాలి. ఈ ఒక్క ఏర్పాటుకు అదనపు ఖర్చు కుళాయి వెల మాత్రమే.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. రసాయన కర్మాగారాలలో ప్రమాద సమయపు షవరు ప్రమాణం నిమిషానికి 20 గాలన్లు (75.7 లీటర్లు) చొప్పున 15 నిమిషాలు. ఆ లెక్కన ఒక్క మనిషికి 1,100 లీటర్లు మించుతాయి. పొలానికి వచ్చే డ్రమ్ము దానిని ఎన్నటికీ అందుకోలేదు, అందుకొంటుందని చెప్పకూడదు కూడా. గాఢమైన మందు ఒంటిపై ఒలికినప్పుడు వెంటనే బట్టలు విప్పించి, డ్రమ్ములో ఉన్న నీరంతా లెక్క చూడకుండా వాడాలి. సహాయం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. కంటిపాప సూదిమొనలా చిన్నబోవడం, విపరీతంగా చెమట, నోట చొంగ, వాంతి వంటి లక్షణాలుంటే కడుగుతూనే 108కు ఫోను చేసి, మందు డబ్బాను లేదా దాని చీటీని రోగితో పాటు పంపాలి. స్నానం పూర్తి కావాలని ఆసుపత్రి ప్రయాణాన్ని ఆపరాదు. నిత్య శుద్ధికి, ప్రమాద చికిత్సకు మధ్య ఉన్న ఈ అంతరాన్ని శిక్షణలో స్పష్టంగా చెప్పకపోతే పరికరం తప్పుడు ధైర్యాన్ని ఇస్తుంది.

నిలబడి కాదు, కూర్చుని

ట్రాక్టరు ట్రక్కు అడుగు పలక నేల నుంచి సుమారు 1 మీటరు ఎత్తున ఉంటుంది. దానిపై నిలబెట్టిన డ్రమ్ములో 200 లీటర్ల నీటి మట్టం సుమారు 78 సెంటీమీటర్లు. అంటే నిండుగా ఉన్నప్పుడు నీటి పైమట్టం నేల నుంచి 1.78 మీటర్లు. నిలబడిన మనిషి తలపైకి జల్లు రావాలంటే జల్లెడ మూతి 2 మీటర్ల ఎత్తున ఉండాలి. అంత ఎత్తుకు నీరు తనంత తాను ఎక్కదు. డ్రమ్మును ఇంకా పైకెత్తితే 210 కిలోల బరువు ఎత్తున చేరి, గతుకుల గట్టు దారిలో ఒరిగే ప్రమాదం వస్తుంది. మూడు చక్రాల ఆటోలో ఆ ప్రయత్నమే చేయకూడదు.

పాశ్చాత్య నమూనాలను యథాతథంగా తీసుకొంటే ఇక్కడే పంపు తప్పనిసరి అవుతుంది. కాని ఈ జిల్లాల పల్లెలలో స్నానం చేసే తీరు వేరు. పీట మీదో రాతి పలక మీదో కూర్చుని నీళ్ళు పోసుకోవడం అలవాటు. కూర్చున్న మనిషికి జల్లెడ మూతి 95 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే చాలు. అప్పుడు నీటి మట్టం నిండుగా ఉన్నప్పుడు 83 సెంటీమీటర్లు, సగం వాడాక సుమారు 50, చివరికి 15 సెంటీమీటర్ల తేడా లభిస్తుంది. 1 మిల్లీమీటరు రంధ్రాలు 40 ఉన్న జల్లెడ మూతి నుంచి, గొట్టంలోని ఒరిపిడిని వదిలివేసి లెక్కిస్తే, మొదట నిమిషానికి 4.6 లీటర్లు, సగంలో 3.5 లీటర్లు, చివరిలో 1.9 లీటర్లు వస్తాయి. మొదటి మనిషి స్నానం మూడున్నర నిమిషాలలో ముగిస్తే, చివరి మనిషికి అదే 15 లీటర్లకు ఎనిమిది నిమిషాలు పడుతుంది.

ఈ తేడా కేవలం జలశాస్త్రపు విషయం కాదు. బృందంలో చివర స్నానం చేసేది ఎవరు? సాధారణంగా ట్యాంకులో మందు కలిపే కుర్రవాడు, లేదా నీళ్ళు మోసే స్త్రీ. నిజానికి గాఢమైన మందును నేరుగా తాకేది కలిపేవారే కనుక వారి అపాయం అందరికంటే ఎక్కువ. అందువల్ల మందు కలిపినవారు మొదట, చల్లినవారు తరువాత, గొట్టం లాగినవారు చివర అనే వరుసను బృందానికి ముందే చెప్పాలి. వయసునూ కూలి హోదానూ బట్టి నడిచే వరుస దీనికి ఎదురు నడుస్తుంది కనుక, మొదటి కొన్ని రోజులు రైతు గాని విస్తరణ సిబ్బంది గాని దగ్గర ఉండి అమలు చేయించవలసి వస్తుంది.

ధార చివరి వరకు ఒకే తీరున ఉండాలంటే 12 వోల్టుల డయాఫ్రం పంపు మంచిది. బ్యాటరీ స్ప్రేయర్లలో వాడే చిన్న పంపులే దీనికి సరిపోతాయి. పంపు 3 ఆంపియర్ల విద్యుత్తు తీసుకొంటూ నిమిషానికి 4 లీటర్లు ఇస్తే, 200 లీటర్లు తోడడానికి 50 నిమిషాలు పడుతుంది, వినియోగం 2.5 ఆంపియర్-గంటలు మాత్రమే. ట్రాక్టరు బ్యాటరీకి అది లెక్కలోనిది కాదు. పంపు ఉంటే డ్రమ్మును కిందనే, ట్రక్కు ముందు భాగంలో, ఇరుసుకు దగ్గరగా కట్టి ఉంచవచ్చు. తీగకు ఫ్యూజు, పంపుకు ముందు వడపోత జాలి తప్పవు. కాలువ నీటిలోని నాచు చిన్న పంపును ఒక్క రోజులో పాడు చేయగలదు.

వాహనానికి దేనినీ శాశ్వతంగా వెల్డింగు చేయరాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహన నిర్మాణంలో అనుమతి లేని మార్పులను నిషేధిస్తుంది. అది అటుంచితే, అదే ట్రక్కు మరుసటి రోజు వరి కుప్పలనో జీడి గింజల బస్తాలనో మోయాలి. ట్రక్కు పక్క పలకకు కొక్కేలతో తగిలించి, నాలుగు బోల్టులతో విడదీయగల ఇనుప చట్రం చాలు. ఆ చట్రానికే మూడు వైపులా దట్టమైన గుడ్డ గాని టార్పాలిను గాని వేలాడదీస్తే చాటు ఏర్పడుతుంది. నాలుగవ వైపు ట్రక్కు పలక ఉండనే ఉంది.

చాటు విషయం అలంకారం కాదు. పైన చెప్పిన 11.8 అనే అంకెను గుర్తుకు తెచ్చుకొంటే, బహిరంగంగా లుంగీ తోనే చేసే స్నానం ఎక్కడ విఫలమవుతుందో తెలుస్తుంది. స్త్రీల విషయంలో అయితే చాటు లేకపోతే స్నానమే లేదు. మందు కలపడానికి నీళ్ళు మోసేది వారు, చల్లిన మడిలో మరునాడు కలుపు తీసేది వారు, మందు పడ్డ జీడి తోటలో రాలిన పండ్లు ఏరేది వారు. ఇంటికి చేరిన కలుషిత వస్త్రాలను ఉతికేదీ ఎక్కువగా వారే. కనుక వాహనంతో పాటు మూత గల బకెట్టు ఒకటి తప్పక వెళ్ళాలి. విప్పిన బట్టలు అందులో వేసి, ఇంటి బట్టలతో కలపకుండా, చేతికి తొడుగు వేసుకొని విడిగా ఉతకాలి.

నీటి వేడి, నీటి గుణం

విహారయాత్రికుల పరికరాలకు ప్రధాన ఆకర్షణ వేడినీరు. పిచికారీ కూలీకి అది అవసరం లేదు సరికదా, కొంత హాని కూడా. వేడినీటికి చర్మంలో రక్తప్రసరణ పెరిగి మందు లోపలికి చేరే వేగం హెచ్చుతుంది. గట్టిగా రుద్దినా, పీచుతో తోమినా అదే ఫలితం. చల్లని లేదా గోరువెచ్చని నీరు, ధారాళంగా సబ్బు, అరచేతితో మృదువుగా రుద్దడం సరైన పద్ధతి. తల, చెవుల వెనుక, గోళ్ళ సందులు, గజ్జలు మరవరాదు. నూనె ఆధారిత మందులు (ఇ.సి. రకాలు) ఒట్టి నీటికి వదలవు కాబట్టి సబ్బు లేని స్నానాన్ని స్నానంగా లెక్కించకూడదు. ఒకసారి కడిగితే అంతా పోతుందనీ చెప్పలేము. ఆలస్యమైన కొద్దీ కొంత భాగం చర్మపు పొరలలో ఇంకి ఉంటుంది. పొలంలోని స్నానం తరువాత ఇంటి వద్ద మరొకసారి స్నానం చేయడం మేలు.

జీడి పూత కాలంలో, పుష్య మాఘ మాసాల ఉదయపు చలిలో, చన్నీటికి వెనుకాడేవారు ఉంటారు. 100 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వెచ్చబరచడానికి 1,000 కిలో కేలరీలు, అంటే సుమారు 1.16 కిలోవాట్-గంటల శక్తి కావాలి. ముదురు రంగు డ్రమ్మును ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి చలి విరిగేంత వెచ్చదనం దానంతటదే వస్తుంది. వేసవిలో సమస్య మరోలా ఉంటుంది. నల్లని గొట్టంలో నిలిచిన నీరు చర్మం కాలేంత వేడెక్కుతుంది కనుక మొదటి లీటరు నేలపై వదలాలి.

డ్రమ్ము ఎంపిక విషయంలో రాజీ పనికిరాదు. సంతలలో దొరికే నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు చాలావరకు రసాయనాలు మోసినవే. వాటిలో గతంలో ఏముందో చీటీ చూసినా తెలియదు. కొత్తది గాని, ఆహార పదార్థాలకు వాడినదని నిశ్చయంగా తెలిసినది గాని తీసుకోవాలి. మందు ట్యాంకును కడిగి స్నానపు నీటికి వాడటం, మందు చల్లిన స్ప్రేయరు గొట్టంతోనే ఒళ్ళు తడుపుకోవడం కూడా కొన్ని చోట్ల కనిపిస్తాయి. ఆ అలవాటు కంటే స్నానం చేయకపోవడమే నయం. స్నానపు డ్రమ్ముకు, గొట్టానికి తెల్లరంగు పట్టీ వేసి, మందు సామగ్రి నుంచి చూపుతోనే విడిగా గుర్తించేలా చేయాలి. ఏ రోజు నీరు ఆ రోజు ఖాళీ చేసి డ్రమ్మును ఆరబెట్టాలి. వెచ్చని నిలువ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

తీర ప్రాంతపు ఉప్పు బోరు నీటిలో సబ్బు నురగ రాదు. ఉద్దానంలో నీటి ప్రశ్న మరింత సున్నితమైనది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పరిసరాలలో మూత్రపిండాల దీర్ఘవ్యాధి విస్తృతంగా ఉండటం, దాని కారణం నిర్ధారణ కాకపోవడం తెలిసిన విషయాలే. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ వ్యాధికి పురుగు మందులే కారణమని చెప్పే ఆధారం లేదు, శిక్షణలలో అలా చెప్పకూడదు కూడా. అయితే మూత్రపిండాలు ఇప్పటికే దెబ్బతిన్న వ్యక్తి పిచికారీ పనికి రాకపోవడమే మంచిదన్న సలహాకు ఆ నిర్ధారణ కోసం ఎదురుచూడనక్కరలేదు.

వాడిన నీరు ఎక్కడికి

స్నానపు నీరు పొలంలో వదలడం వలన గెడ్డ, కాలువ బాగుపడతాయన్నది ఈ ఏర్పాటులోని రెండవ లాభం. వాహనాన్ని బావి, బోరు, చెరువు, కాలువలకు దూరంగా, వాటి వైపు వాలు లేని గడ్డి నేలపై నిలపాలి. నలుగురి స్నానానికి 60 లీటర్లు మాత్రమే కనుక జీవం గల పైమట్టి దానిని పీల్చుకోగలదు. ప్రతి రోజూ ఒకే చోట నిలిపే అద్దె యంత్రాల కేంద్రాల వంటి చోట్ల మాత్రం ప్రత్యేక గుంట కావాలి. స్వీడన్‌లో 1993 నుంచి వాడుకలో ఉన్న బయోబెడ్ పద్ధతిలో గడ్డి రెండు పాళ్ళు, పీటు ఒక పాలు, మట్టి ఒక పాలు కలిపి గుంటలో నింపి, పైన గడ్డి పెంచుతారు. గడ్డిని కుళ్ళబెట్టే శిలీంధ్రాలు మందు అణువులను కూడా విడగొడతాయి. ఇక్కడ పీటు దొరకదు. వరిగడ్డి, బాగా చివికిన కంపోస్టు, పొలం మట్టితో ఆ మిశ్రమాన్ని పరీక్షించడం నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులకు మంచి ప్రాజెక్టు అంశం కాగలదు.

వాహనం చేరని పొలాలు

వర్షాకాలంలో ట్రక్కు గట్టు దారి చివరి వరకే వెళుతుంది. అక్కడి నుంచి మడికి అర కిలోమీటరు ఉంటే, 400 మీటర్ల ప్రమాణం అప్పటికే దాటినట్లే. ఏజెన్సీ కొండ వాలులలో ట్రక్కు అసలే రాదు. ఇలాంటి చోట్లకు ద్విచక్ర వాహనమే ఆధారం. ఎన్నడూ మందు తగలని కొత్త 16 లీటర్ల చేతి స్ప్రేయరు ఒకటి కొని, తుంపర మూతి తీసి జల్లెడ మూతి బిగించి, శుభ్రమైన నీరు నింపి బండి వెనుక కట్టుకొంటే ఒక మనిషి స్నానానికి సరిపోతుంది. ఇది అందరికీ చాలదు, చాటూ ఇవ్వదు. అయినా సొంతంగా చల్లుకొనే చిన్న రైతుకు, పంపుతో కూడిన ట్రక్కు కంటే ఇదే ముందుగా చేతికి అందుతుంది.

డ్రోను బృందాల సంగతి ప్రత్యేకంగా ఆలోచించదగినది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందించడాన్ని లక్ష్యంగా పెట్టుకొంది. డ్రోనుతో చల్లినప్పుడు మడిలో నడిచే అవసరం తప్పుతుంది. కాని ఎకరానికి వాడే నీరు తక్కువ కావడంతో కలిపే ద్రావణం గాఢత ఎక్కువ. గంటకు ఎన్నో సార్లు ట్యాంకు నింపాలి. అపాయం చల్లేవారి నుంచి కలిపేవారికి మారుతుందే తప్ప మాయం కాదు. ఈ బృందాలు డ్రోను, బ్యాటరీలు, నీటి డ్రమ్ములు మోసే వాహనంతోనే ఊరూరా తిరుగుతాయి. స్నానపు చట్రం అమర్చడానికి ఇంతకంటే అనువైన వాహనం లేదు. పైగా పనిచేసేవారు స్త్రీలైతే చాటు, కళ్ళు కడిగే కుళాయి మొదటి రోజు నుంచే ఉండాలి.

రైతు సేవా కేంద్రాలలో, ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలో ఈ ఏర్పాటును ప్రదర్శించేటప్పుడు చెప్పడం కంటే చూపడం మేలు. పొలంలో చర్మంపై పడిన తుంపరలను ప్రతిదీప్తి పదార్థంతో గుర్తించే పద్ధతిని అమెరికా పరిశోధకులు 1980ల నుంచి వాడుతున్నారు. శిక్షణకు దీనిని సులువుగా మార్చుకోవచ్చు. స్ప్రేయరులో మందు లేకుండా, నీటిలో బట్టలకు తెలుపునిచ్చే వెలుగుపొడి వంటి ప్రతిదీప్తి పదార్థాన్ని కలిపి, ఒక వ్యక్తి చేత అరగంట చల్లించాలి. చీకటి పడ్డాక అతినీలలోహిత టార్చి వేస్తే అతని ఒంటిపై ఎక్కడెక్కడ తుంపరలు పడ్డాయో నీలికాంతితో మెరుస్తాయి. తరువాత అతను ఎప్పటిలాగే చేతులు కాళ్ళు కడుక్కొని రావాలి. మళ్ళీ టార్చి వేయాలి. ఆ పిమ్మట ట్రక్కు పక్కన చాటులో కూర్చుని 15 లీటర్లతో సబ్బు స్నానం చేసి రావాలి; మూడవసారి టార్చి వేయాలి. అప్పటికీ చెవుల వెనుక, మెడ మడతలో, గోళ్ళ అంచుల్లో కొంత మెరుపు మిగిలి ఉంటే, ఆ చోట్లను చూపి, రెండవసారి సబ్బు అతని చేతికే ఇవ్వాలి.